కొండలకి వెళ్తున్నారా: ఏ మాత్ర ఎవరికి, ఎవరికి అసలు వద్దు

రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కి, తెల్లవారుజామున ఢిల్లీలో మారితే టిఫిన్ టైమ్‌కి లేహ్‌లో ఉంటారు. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, లేహ్ 3,500. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి పడిపోవడం వల్ల ఒక్కో శ్వాసకి అందేది, ఇక్కడ అందేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. ఈ తేడాకి ఒళ్ళు అలవాటు పడడానికి రోజులు కావాలి. మన ప్యాకేజీ టూర్లు కోత పెట్టేది సరిగ్గా ఆ రోజులకే.

అందుకే టికెట్లు బుక్ అయిన మర్నాటి నుంచే ట్రిప్ గ్రూపులో ఎత్తు జబ్బు మందుల చర్చ మొదలవుతుంది. ఒకరు డయామాక్స్ అంటారు. దాంతో కిడ్నీలు పోతాయని ఇంకొకరు అడ్డం పడతారు. కర్పూరం వాసన చూస్తే చాలని పెద్దవాళ్ళు చెబుతారు. మారథాన్లు పరిగెత్తే ఒకాయన వయాగ్రా తరహా మందు తడలాఫిల్ పేరు మెల్లగా చెవిన వేస్తాడు. నన్నడిగితే ‘ఏ మందు బలమైంది’ అనేది తర్వాతి మాట. ఎంత వేగంగా ఎక్కుతున్నారు, ఎక్కాక అక్కడ ఏం చేయబోతున్నారు అన్నవి ముందు తేలాలి. కారులో కూర్చుని కొండలు చూసేవారికి మేలు చేసే మాత్ర, అదే కొండ మీద పందెం పరిగెత్తేవారికి అడ్డమవుతుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది పడుకునే ఎత్తు. పగలు ఎంత పైకి వెళ్ళొచ్చారన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ఒంటికి లెక్క. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఒక రోజు ఆగాలి అని పర్వత వైద్యులు చెబుతారు. ఇది పాటించగలిగితే చాలామందికి ఏ మాత్రా అక్కర్లేదు. కింది నుంచి ఒక్కరోజులో వచ్చి 2,800 మీటర్లు దాటిన చోట పడుకుంటే ముప్పు ఓ మోస్తరు, 3,500 దాటితే ఎక్కువ. విమానంలో లేహ్ వెళ్ళేవాళ్ళు సరిగ్గా ఆ గీత మీద దిగుతారు.

తర్వాత పాత చరిత్ర. ఇదివరకు ఎత్తుకి వెళ్ళి ఇబ్బంది పడ్డారా? పడితే తలనొప్పితో పోయిందా, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా? ఈ రెంటికీ వాడే మందులు వేరు.

ఒంట్లో ఉన్న జబ్బులు, రోజూ వేసుకునే మాత్రలు మూడోది. షుగర్, బీపీ, గుండె మందులు, కిడ్నీలో రాళ్ళు, సల్ఫా ఎలర్జీ. మన ఊళ్ళో నలభై దాటిన నలుగురు కలిసి బయల్దేరితే వీటిలో ఏదో ఒకటి ఆ కారులో ఉండనే ఉంటుంది.

ఇక నాలుగోది, చాలామంది అడగనిది: ఈ మందు ఒంటిని ఎత్తుకి అలవాటు చేస్తుందా, లేక లక్షణాల్ని మాత్రం ఆపి ఉంచుతుందా?

ఈ లిస్టులో ఫిట్‌నెస్ లేదని గమనించే ఉంటారు. కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ పరిగెత్తేవారికీ, ఆఫీసులో లిఫ్ట్ తప్ప మెట్లు ఎరగనివారికీ ఎత్తు జబ్బు వచ్చే అవకాశం దాదాపు సమానం. పైగా ‘నాకేం కాదు’ అని తొందర తొందరగా ఎక్కేసి పడిపోయేది ఎక్కువగా ఆ ఫిట్‌గా ఉన్న కుర్రాడే.

జబ్బు మూడు రకాలుగా వస్తుంది. మామూలుగా వచ్చేది ఏఎంఎస్: చేరిన 6 నుంచి 12 గంటల్లో తలనొప్పి, దానితోపాటు వికారం, నీరసం, కళ్ళు తిరగడం, అన్నం సయించకపోవడం. అది ముదిరి మెదడు వాచితే హేస్: మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే హేప్: కూర్చున్నా ఆయాసం, దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. హేప్ ఎక్కువగా రెండో రాత్రికో, ఆ తర్వాతో బయటపడుతుంది. తలనొప్పి ముందు రాకుండా కూడా రావచ్చు.

ఒక్క చూపులో

| మందు | చేసే పని | నివారణకి మామూలుగా ఇచ్చే డోసు (పెద్దలకి) | ఎవరు జాగ్రత్తపడాలి | పరుగు, ఎక్కడం మీద ప్రభావం | వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధన |
|---|---|---|---|---|---|
| అసిటజోలమైడ్ (డయామాక్స్) | త్వరగా అలవాటు చేస్తుంది | 125 మి.గ్రా., రోజుకి 2 సార్లు | తీవ్రమైన సల్ఫా ఎలర్జీ, గర్భం, కిడ్నీ రాళ్ళు | గట్టి శ్రమలో సత్తువ తగ్గవచ్చు | ఎప్పుడూ నిషేధమే |
| డెక్సామెథసోన్ | లక్షణాల్ని ఆపుతుంది, అలవాటు చేయదు | 2 మి.గ్రా. 6 గంటలకోసారి, లేదా 4 మి.గ్రా. 12 గంటలకోసారి | షుగర్, కడుపులో పుండ్లు | పందెం కోసం వాడే మందు కాదు | పోటీ సమయంలో నిషేధం |
| ఐబుప్రోఫెన్ | తలనొప్పి, ఏఎంఎస్ కొంత తగ్గిస్తుంది | 600 మి.గ్రా., రోజుకి 3 సార్లు | గ్యాస్ట్రిక్ పుండ్లు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబరిచే మందులు | లాభం లేదు, కిడ్నీలకి భారం | నిషేధం లేదు |
| నిఫెడిపిన్ (నెమ్మదిగా విడుదలయ్యే రకం) | ఊపిరితిత్తుల రక్తపోటు తగ్గిస్తుంది | 30 మి.గ్రా., 12 గంటలకోసారి | లో బీపీ, ఇప్పటికే బీపీ మాత్రలు వాడేవారు | లాభం లేదు | నిషేధం లేదు |
| తడలాఫిల్ | పైదాని పనే, వేరే దారిలో | 10 మి.గ్రా., రోజుకి 2 సార్లు | నైట్రేట్ మందులు వాడేవారికి అసలు వద్దు | కొందరికి కొంత, చాలామందికి శూన్యం | నిషేధం లేదు |

డోసులు రాసింది డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ఏం మాట్లాడుతున్నారో మీకు అర్థమవడానికే. వీటన్నిటికీ డాక్టర్ సలహా ఉండాల్సిందే. పిల్లలకి బరువుని బట్టి లెక్క వేరు.

డయామాక్స్: ముందు వరసలో నిలిచేది, కానీ అందరికీ కాదు

ఎత్తుకి వెళ్ళగానే ఆక్సిజన్ తక్కువై మనం ఎక్కువ శ్వాస తీస్తాం. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు మెదడు ‘ఇక చాలు’ అని శ్వాసకి బ్రేకు వేస్తుంది. కిడ్నీలు రెండు మూడు రోజుల్లో బైకార్బొనేట్‌ని మూత్రంలో పంపేసి ఆ బ్రేకు తీస్తాయి. డయామాక్స్ చేసేది అదే పనిని ఒక రోజులో చేయించడం. అందుకే దీన్ని ‘లక్షణాలు దాచేసే మందు’ అనడం తప్పు. ఆపేశాక జబ్బు తిరగబడదు కూడా. రాత్రిపూట శ్వాస కాసేపు ఆగి, ఉలిక్కిపడి లేచే ఇబ్బంది కూడా దీనితో తగ్గుతుంది. కొండల్లో నిద్ర పట్టనివారికి నిద్రమాత్ర కంటే ఇదే నయం, ఎందుకంటే మత్తు మందులు, మందు పార్టీలు శ్వాసని ఇంకా నెమ్మది చేస్తాయి.

మన దగ్గర దొరికేది ఎక్కువగా 250 మి.గ్రా. మాత్ర. నివారణకి కావాల్సింది 125. అంటే పొద్దున సగం, రాత్రి సగం. మధ్య గీత మీద విరిచి, మిగిలిన సగాన్ని అదే స్ట్రిప్పులో మడిచి పెట్టుకోవాలి. పూర్తి మాత్ర రెండు పూటలా వేస్తే రక్షణ పెద్దగా పెరగదు, తిమ్మిర్లు మాత్రం పెరుగుతాయి. ఏఎంఎస్ వచ్చాక చికిత్సకి ఇచ్చేది 250. ఎక్కడానికి ముందురోజు మొదలుపెట్టి, పై ఎత్తుకి చేరాక రెండు రోజులు, చాలా వేగంగా ఎక్కితే నాలుగు రోజుల దాకా వాడతారు. కిందికి దిగడం మొదలైతే ఆపేయవచ్చు.

వేళ్ళ చివర్లు, పెదాలు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి. కంగారు పడక్కర్లేదు, ఆపేస్తే పోతుంది. మాటిమాటికీ మూత్రం వస్తుంది, మొదటి రెండు రోజులు మరీను. సోడా, కూల్‌డ్రింకు నోట్లో చప్పగా ఉంటాయి. నాలుక మీద గ్యాసు చురుకుని గుర్తించే ఎంజైమునే ఈ మందు ఆపేస్తుంది కాబట్టి అలా అవుతుంది. సీసా పాడైందని షాపువాడితో గొడవపడకండి.

‘కిడ్నీలు పోతాయి’ అన్న భయం ఆరోగ్యంగా ఉన్నవారి విషయంలో అనవసరం. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గతంలో రాళ్ళు వచ్చినవారు డాక్టర్‌కి చెప్పి తీరాలి. సల్ఫా యాంటీబయాటిక్ పడక ఒంటి మీద దద్దుర్లు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది పడదని కాదు. కానీ ముఖం వాచి ఊపిరి ఆడకపోవడం, చర్మం పొక్కులు లేవడం లాంటివి జరిగి ఉంటే దీని జోలికి వెళ్ళొద్దు. మిగిలినవారు బయల్దేరే రెండు వారాల ముందే, ఆసుపత్రి దగ్గర్లో ఉండగా, డాక్టర్ సరే అంటే ఇంట్లోనే ఒకటి రెండు డోసులు వేసుకుని చూసుకోవడం మేలు. కొత్త మందు మొదటిసారి పాంగాంగ్ సరస్సు ఒడ్డున టెంటులో పరీక్షించుకునేది కాదు.

డెక్సా: సంచిలో ఉండాలి, నోట్లో కాదు

ఇది స్టెరాయిడ్. బాగా పనిచేస్తుంది, అందుకే ప్రమాదం. తలనొప్పి, వికారం మాయమవుతాయి, ఆకలి వేస్తుంది, మనిషి హుషారుగా లేస్తాడు. కానీ ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడి ఉండదు. కొండ మీదే మాత్రలు అయిపోతే, ఆపి ఉంచిన జబ్బు మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. షుగర్ ఉన్నవారికి చక్కెర బాగా పెరుగుతుంది. నివారణ కోసం వారం దాటి వాడరు. దీని అసలు చోటు హేస్ చికిత్స: వెంటనే 8 మి.గ్రా., ఆపైన 6 గంటలకోసారి 4 మి.గ్రా., వేస్తూనే మనిషిని కిందికి దింపడం. డయామాక్స్ పడనివారికి నివారణగా డాక్టర్ రాస్తే రాయవచ్చు. ‘స్టామినా వస్తుంది’ అని ఎవరైనా చేతిలో పెడితే మాత్రం తీసుకోవద్దు.

ఐబుప్రోఫెన్

డయామాక్స్ పడనివారికి, ఒకటి రెండు రోజుల చిన్న ట్రిప్పుకి చెప్పుకోదగ్గ రెండో దారి. తిన్నాకే వేసుకోవాలి. ఊరికే తలనొప్పికైతే పారాసెటమాల్ చాలు.

నిఫెడిపిన్, తడలాఫిల్

ఇవి ఏఎంఎస్ మందులు కావు. ఒకసారి హేప్ వచ్చి, మళ్ళీ ఎత్తుకి వెళ్ళక తప్పనివారికి రాసేవి. తడలాఫిల్, సిల్డెనాఫిల్ పరుగు పెంచుతాయన్న ప్రచారానికి కొంత ఆధారం ఉంది. బాగా ఎత్తులో జరిపిన కొన్ని పరీక్షల్లో కొందరు మెరుగ్గా సైకిల్ తొక్కారు, మిగతావారిలో ఏ తేడా లేదు. తెచ్చిపెట్టే తలనొప్పి మాత్రం ఖాయంగా కొందరికి వస్తుంది. అది మందు వల్లా, ఎత్తు వల్లా అని తేల్చుకోలేక సతమతమవుతారు. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందు వాడేవారికి వీటితో బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

మిగిలినవన్నీ

హోమియో మందు కోకా-30, వెల్లుల్లి రసం, జింకో ఆకు మందు: నమ్మదగ్గ రుజువు లేదు. కర్పూరం మూట ముక్కు దగ్గర పెట్టుకుంటే గాలి ఆడినట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. పిల్లలకి అందనివ్వకండి, చిన్న బిళ్ళ మింగినా విషమే. ఆక్సిజన్ క్యాన్‌లో ఉండేది కొన్ని లీటర్లు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ డబ్బుతో లేహ్‌లో ఇంకో రాత్రి హోటల్ అద్దె కట్టండి. నీళ్ళు దాహానికి సరిపడా తాగండి. బలవంతంగా లీటర్లు లీటర్లు తాగినా ఎత్తు జబ్బు ఆగదు.

అమ్మానాన్నల్ని కేదార్‌కి తీసుకెళ్ళేవారికి

కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. నడక మొదలయ్యే గౌరీకుండ్ రెండు వేల మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. హెలికాప్టర్‌లో వెళ్ళి దర్శనం చేసుకుని ఆ పూటే దిగిపోతే ఏఎంఎస్‌కి టైమే ఉండదు కాబట్టి మాత్ర అవసరం తక్కువ. వాళ్ళ గుండె, ఊపిరితిత్తులు ఆ కాసేపు తట్టుకుంటాయా అన్నదే అక్కడి ప్రశ్న, దానికి డయామాక్స్ జవాబు కాదు. ఒక్కరోజులో నడిచి ఎక్కి పైనే పడుకునేట్టయితే డయామాక్స్ గురించి అడగండి.

డాక్టర్ దగ్గరికి నోటి మాటతో కాదు, మాత్రల డబ్బాతో వెళ్ళండి. టెల్మిసార్టాన్‌తో కలిపి ఇచ్చే నీటి మాత్ర ఉందా, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర ఉందా, ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) ఉందా అన్నది చూడాలి. డయామాక్స్ కూడా ఒంట్లో నీటిని తోడేస్తుంది, రక్తాన్ని ఆమ్లం వైపు జరుపుతుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడితే పొటాషియం పడిపోవడం, నీరసించిపోవడం జరుగుతుంది. ఎక్కువ డోసు ఆస్పిరిన్‌తో కలిస్తే మరీ ప్రమాదం. ఇలాంటివారికి నా సలహా మందు కాదు, గుప్తకాశీలోనో దారిలోనో ఒక రాత్రి ఎక్కువ ఆగడం.

పరుగు పందెం కోసం వెళ్ళేవారికి

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్, సెప్టెంబర్‌లో లద్దాఖ్ మారథాన్. ఒకే ట్రైనింగ్‌తో రెండూ కొట్టేద్దామనుకునేవారు మన దగ్గర ఉన్నారు. వీళ్ళ లెక్క టూరిస్టుల లెక్క కాదు.

1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకి వీఓటూ మ్యాక్స్ (గట్టి శ్రమలో ఒళ్ళు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) దాదాపు 1 శాతం చొప్పున పడిపోతుంది. అంటే లేహ్‌లో ఐదో వంతు ముందే పోయినట్టు. నెక్లెస్ రోడ్డు మీది పేస్‌ని అక్కడ పట్టుకుందామంటే మొదటి కిలోమీటర్లలోనే ఊపిరి అందదు. ఈ నష్టాన్ని ఏ మాత్రా పూడ్చదు. డయామాక్స్ అయితే ఇంకాస్త పెంచే అవకాశం ఉంది. గట్టిగా పరిగెత్తినప్పుడు కండరాల్లో పుట్టే ఆమ్లాన్ని సర్దేది ఆ బైకార్బొనేటే. దాన్ని ముందే మూత్రంలో పంపేశాం. అదే వేగానికి ఇంకా ఎక్కువ శ్వాస తీయాలి, ఊపిరి కండరాలు ముందే అలసిపోతాయి, పైగా ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్‌లో కనిపించే మంచి నంబరు చూసి మోసపోవద్దు.

ఇక నిబంధన. డయామాక్స్ మూత్రం పెంచే మందు కాబట్టి వాడా జాబితాలో పోటీ ఉన్నా లేకపోయినా నిషేధమే. డోప్ టెస్టు జరిగే స్థాయిలో ఉన్నవారు ముందే వైద్య మినహాయింపు తీసుకోకుండా ఒక్క సగం మాత్ర కూడా వేయకూడదు. సరదాకి పరిగెత్తేవారికి ఆ బెడద లేదు. మొదటి రోజుల్లో వాడి, పందేనికి కొన్ని రోజుల ముందే ఆపేసేలా డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు.

నిజంగా పనికొచ్చేది సెలవు. పది రోజుల నుంచి రెండు వారాల ముందు లేహ్ చేరితే మాత్రల ప్రశ్నే దాదాపు ఉండదు. అంత సెలవు లేకపోతే పూర్తి మారథాన్ మానుకుని తక్కువ దూరానికి పేరు మార్చుకోండి. ఖర్దుంగ్ లా కనుమ మీదుగా సాగే 72 కిలోమీటర్ల పరుగుకైతే అలవాటు పడకుండా వెళ్ళాలన్న ఆలోచనే వద్దు. ఇక్కడుండగా చేయగలిగింది రెండు నెలల ముందు ఫెర్రిటిన్ టెస్టు చేయించుకోవడం: ఐరన్ నిల్వలు తక్కువుంటే పైన ఒళ్ళు కొత్త రక్తం తయారుచేసుకోలేదు, మన ఆడవాళ్ళలో ఇది మామూలే. గోల్కొండ మెట్లు కాళ్ళకి బలమిస్తాయి, ఎత్తు అలవాటు ఇవ్వవు. మూతికి పెట్టుకునే ‘ఎలివేషన్ మాస్కు’ గాలి తీయడం కష్టం చేస్తుందే తప్ప ఆక్సిజన్ శాతం తగ్గించదు.

2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందాకే అటు వెళ్ళింది. మెట్టు తర్వాత మెట్టు, మధ్యలో నెలల టైమ్.

లేహ్ ప్యాకేజీ మీద వెళ్ళే కుటుంబాలకి

విమానంలో దిగేవారికి డయామాక్స్ వైపే నా మొగ్గు, ఒంట్లో అడ్డంకులు లేకపోతే. దానితోపాటు మొదటి రెండు రాత్రులు లేహ్‌లోనే. మొదటి రోజు మార్కెట్ తిరగడం కూడా వద్దు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా రోడ్డున వెళ్తే కార్గిల్ 2,676 మీటర్ల దగ్గర ఒక రాత్రి ఆగుతారు కాబట్టి ఒంటికి తేలిక. మనాలీ దారి అలా కాదు, సర్చూలో 4,200 దాటిన ఎత్తులో టెంటులో రాత్రి గడపాల్సి రావచ్చు. లేహ్ కంటే అదే కష్టం.

ఆ తర్వాత నుబ్రా లోయకి ముందు వెళ్ళండి, పాంగాంగ్‌ని చివరికి ఉంచండి. ఖర్దుంగ్ లా 5,359 మీటర్ల ఎత్తున ఉన్నా దాన్ని దాటి పడుకునే నుబ్రా లేహ్ కంటే కిందే ఉంటుంది. పాంగాంగ్ ఒడ్డు మాత్రం 4,200 పైన. అక్కడ రాత్రి ఎవరికైనా జబ్బు చేస్తే లేహ్ వైపు దిగాలంటే ముందు 5,300 దాటిన చాంగ్ లా ఎక్కాలి. లేహ్‌లో తలనొప్పి పూర్తిగా తగ్గని మనిషిని అక్కడికి తీసుకెళ్ళకండి. డ్రైవర్ బండిలో ఆక్సిజన్ సిలిండర్, క్యాన్ కాదు, ఉందో లేదో బేరం ఆడేటప్పుడే అడగండి. ఎవరైనా తూలుతున్నా, కూర్చుని కూడా ఆయాసపడుతున్నా, నేల మీద గీత గీసి ఒక కాలి మడమని ఇంకో కాలి వేళ్ళకి ఆనిస్తూ నడవమంటే నడవలేకపోయినా, డోసు పెంచి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. ఆక్సిజన్ పెట్టి అప్పుడే బయల్దేరి, దారిలో ఆర్మీ పోస్టు కనబడితే ఆగి సాయం అడిగి, లేహ్‌లోని ఎస్ఎన్ఎం ఆసుపత్రికి చేర్చండి. ఈ జబ్బు అక్కడి డాక్టర్లకి కొత్త కాదు.